వేగం – వహ్ని – విశ్రాంతి

కువైట్ దక్షిణ ప్రాంతపు ఎడారిలో 5.609 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరిగే నల్లని బాట ఒకటి ఉన్నది. దాని పేరు కువైట్ మోటార్ టౌన్. జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కే రూపొందించిన ఈ బాటపై 2022 డిసెంబరులో పన్నెండు గంటల కారు పందెం జరిగింది. ఒకే కారును కొందరు చోదకులు వంతులవారీగా నడుపుతూ, నిర్ణీత కాలంలో ఎవరు ఎక్కువ దూరం వెళ్ళితే వారే విజేతలు. ఇంగ్లీషులో వీటిని ఎండ్యూరెన్స్ రేసులంటారు. మనం ‘ఓర్పు పందేలు’ అనుకోవచ్చును.

ఈ పందేల అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఒక వాదం తప్పదు. అపాయం లేని పందెంలో పస ఏమున్నదని కొందరు, వినోదం కోసం నిండు ప్రాణాలు పణంగా పెట్టడం ఏమి న్యాయమని మరికొందరు. చరిత్రను పరిశీలిస్తే ఇరుపక్షాల వారికీ ఒకే సమాధానం లభిస్తుంది. కార్ల వేగం పెరిగినా, ఒకప్పుడు ప్రాణం తీసిన ప్రమాదాల నుండి నేటి చోదకులు లేచి నడిచి వస్తున్నారు. ఈ వింత వెనుక ఉన్నది అదృష్టం కాదు, శాస్త్రం. అందులోని ప్రతి పాఠానికీ ఎవరో ఒకరు ప్రాణంతో మూల్యం చెల్లించారు.

నీటికి ఆరని నిప్పు

1955 జూన్ 11. ఫ్రాన్సులోని ల మాన్ నగరంలో ఇరవైనాలుగు గంటల పందెం. పియర్ లెవే నడుపుతున్న మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.ఆర్. కారు ముందున్న కారును ఢీకొని గాలిలోకి లేచి, కట్టను తాకి ఛిన్నాభిన్నమై ప్రేక్షకులపై పడింది. లెవేతో పాటు 80 మందికి పైగా మరణించారు. మోటారు పందేల చరిత్రలో అంతకు మించిన విషాదం లేదు.

ఆ కారు పైకవచం తేలికగా ఉండాలని మెగ్నీషియం మిశ్రలోహంతో చేశారు. దీపావళి నాడు కళ్ళు చెదిరే తెల్లని వెలుగు నిచ్చే మతాబులను తలచుకుంటే మెగ్నీషియం స్వభావం బోధపడుతుంది. సహాయక సిబ్బంది మంటపై నీరు కుమ్మరించారు. మండుతున్న మెగ్నీషియం నీటిలోని ఆక్సిజన్‌ను లాగుకొని హైడ్రోజన్‌ను విడిచిపెడుతుంది. ఆ హైడ్రోజనూ మండుతుంది. ఆర్పబోయిన నీరే ఆజ్యమైనది. ఇటువంటి మంటను పొడి ఇసుకతోనో, ప్రత్యేకమైన పొడితోనో కప్పివేయాలి. ఏ నిప్పుకు ఏ మందు అన్నది ముందే తెలిసి ఉండాలన్నది మొదటి పాఠం.

పరుగెత్తని విజేత

ఆ రోజుల్లో ల మాన్‌లో ఒక ఆచారం ఉండేది. జెండా ఊపగానే చోదకులు బాట అడ్డంగా పరుగెత్తి, కారులో దూకి, ఇంజను నడిపించి దూసుకుపోవాలి. ఆ తొందరలో నడుముపట్టీలు బిగించుకునే తీరిక ఎవరికున్నది? 1969లో బెల్జియం చోదకుడు జాకీ ఇక్స్ దీనిని నిరసిస్తూ, అందరూ పరుగెత్తుతుండగా తాను తీరికగా నడచివెళ్ళి, పట్టీ బిగించుకొని, అందరికన్న చివర బయలుదేరాడు. ఆ తొలి చుట్టులోనే జాన్ వుల్ఫ్ అనే చోదకుడు పట్టీ లేక కారు నుండి విసిరివేయబడి మరణించాడు. ఇరవైనాలుగు గంటల తరువాత గెలిచిన వాడు జాకీ ఇక్స్! రెండవ కారు కేవలం నూరు మీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో ఉన్నది. మరుసటి సంవత్సరం నుండి ఆ పరుగు రద్దయినది.

మండని వస్త్రం

పట్టీ శరీరాన్ని ఆపగలదు గాని మంటను ఆపలేదు. ఆ పని 1960లలో డ్యూపాంట్ సంస్థ సృష్టించిన నోమెక్స్ నూలు చేసింది. ఇది నైలాన్‌కు దాయాది. రెండూ పాలీఅమైడ్‌లే. నైలాన్ అణువు సాదా గొలుసు కనుక వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. నోమెక్స్ గొలుసులో మాత్రం బెంజీన్ వలయాలు బిగించి ఉన్నవి. అందుచేత అది కరగదు. అమిత వేడిలో బొగ్గుపొరగా మారి, దళసరియై, వేడిని లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. అది ఎడతెగక మండాలంటే గాలిలో సుమారు 28 శాతం ఆక్సిజన్ కావాలి. మనం పీల్చే గాలిలో ఉన్నది 21 శాతమే.

ఈ శాస్త్రానికి పరీక్ష కువైట్‌కు సమీపంలోనే జరిగింది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమే గ్రోజా నడుపుతున్న కారు ఉక్కు కట్టను చీల్చుకుపోయి అగ్నిగోళమైనది. అది ఫార్ములా వన్ పందెమే అయినా రక్షణ సూత్రాలు ఒక్కటే. అతడు 28 సెకన్ల పాటు మంటల్లో ఉండి, కాలిన చేతులతో, ప్రాణాలతో బయటికి వచ్చాడు.

ఆ తాకిడి భూమ్యాకర్షణకు 67 రెట్లు. తల, హెల్మెట్ కలిసి 6 కిలోలనుకుంటే, ఆ క్షణాన మెడపై పడేది దాదాపు 400 కిలోల బరువు! అతని మెడ విరగకుండా కాచినది హాన్స్ అనే భుజకవచం. హెల్మెట్‌ను భుజాలకు కట్టి ఉంచే ఈ సాధనం ఓర్పు పందేల నుండే పుట్టింది. 1981లో తన తోటి చోదకుడు ఒకరు తల అదుపు తప్పి కపాలం చిట్లి మరణించగా, అమెరికా చోదకుడు జిమ్ డౌనింగ్ కలతచెంది, జీవయాంత్రిక శాస్త్రవేత్త అయిన తన బావ రాబర్ట్ హబ్బర్డ్‌తో కలిసి దీనిని రూపొందించాడు.

అయినా మృత్యువును పూర్తిగా జయించామని చెప్పజాలము. 2013లో ల మాన్‌లోనే డెన్మార్క్ చోదకుడు అలన్ సిమన్సన్ ప్రమాదంలో మరణించాడు.

అన్నిటికన్న చవుకైన కవచం

మంటను బయట నిలిపే వస్త్రం ఒంటివేడిని కూడా లోపలే నిలుపుతుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైనవి. ఇక్కడి పన్నెండు గంటల పందెం డిసెంబరులో జరగడంలో ఆశ్చర్యమేమున్నది? చెమటతో నీరు, లవణాలు తగ్గేకొద్దీ చూపు, నిర్ణయం మందగిస్తాయి. అందుకే చోదకుని ఒంటికి చల్లని నీరు ప్రవహించే సన్నని గొట్టాల చొక్కా తొడుగుతారు. అంతకన్న ముఖ్యమైనది విశ్రాంతి నియమం. ల మాన్‌లో ఏ చోదకుడూ ఏ ఆరు గంటల వ్యవధిలోనూ నాలుగు గంటలకు మించి నడపరాదు, మొత్తం మీద పద్నాలుగు గంటలు దాటరాదు. అలసట వీరత్వంతో తీరేది కాదని పందెగాళ్ళే ఒప్పుకున్న సత్యమిది.

ఇక్కడ మన ఇంటి మాట ఒకటి చెప్పుకోవాలి. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చి కువైట్ ఇళ్ళలో డ్రైవర్లుగా పనిచేస్తున్న తెలుగు సోదరులు ఎందరో. తెల్లవారుజామున పిల్లలను బడికి చేర్చడంతో మొదలై, అర్ధరాత్రి దివానియా నుండి యజమానిని ఇంటికి తేవడంతో ముగిసే దినచర్య వారిలో అనేకులది. 2015లో కువైట్ చేసిన 68వ నంబరు గృహకార్మిక చట్టం రోజుకు పనివేళ పన్నెండు గంటలకు మించరాదనీ, నడుమ విశ్రాంతి ఉండాలనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ చెబుతున్నది. కువైట్ పందెంలో ఆ పన్నెండు గంటలను కొందరు చోదకులు పంచుకున్నారు. ఇంటి డ్రైవరుకు వంతు పంచుకునే వాడు లేడు.

గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో డ్రైవరు మూడు సెకన్లు కునికితే, కారు నూరు మీటర్లు గుడ్డిగా పరుగెత్తుతుంది. ఆ నూరు మీటర్లలో నోమెక్స్ లేదు, హాన్స్ లేదు. ఉన్నది నడుముపట్టీ ఒక్కటే, అది బిగించుకుంటే. రేసుకారులోని కవచాలన్నీ మనం కొనలేము. కాని వెనుక సీటులోని పసివాడితో సహా అందరికీ పట్టీ బిగించడం, సుదూర ప్రయాణంలో మంచినీళ్ళు దగ్గర ఉంచుకోవడం, రెండు గంటలకొకసారి ఆగడం, మనల్ని మోసుకుపోయే డ్రైవరు నిద్రపోయాడా అని ఒక్కమాట అడగడం – వీటికి ఖర్చేమీ లేదు. అందరూ పరుగెత్తుతున్నప్పుడు నింపాదిగా నడచివెళ్ళి పట్టీ బిగించుకున్న వాడే ఆనాడు గెలిచాడు గదా!