కాపలా కుక్కకో గొలుసు!

మన ఒంట్లో క్యాన్సర్‌ని అడ్డుకునే కాపలా ఒకటుంది. ఆ కాపలాను అదుపులో పెట్టే జన్యువు మరొకటుంది. అది మొదట దొరికింది... ఓ ఎలుక కణంలో!

ఇంట్లో మంచి కాపలా కుక్క ఉందనుకోండి. దొంగల భయం ఉండదు. అలాగని రోజంతా వదిలేస్తే? పాలవాడినీ పేపరబ్బాయినీ కరుస్తుంది. ఒక్కోసారి ఇంట్లోవాళ్ల మీదికే వస్తుంది. పోనీ, ఎప్పుడూ కట్టేసి ఉంచితే దొంగ దర్జాగా లోపలికొస్తాడు. అంటే, కుక్క ఎంత ముఖ్యమో గొలుసూ అంతే ముఖ్యం. మన కణాల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడి కుక్క పేరు పీ53. గొలుసు పేరు ఎండీఎం2.

దొంగ అనుకున్నారు!

పీ53 అనే ప్రొటీన్ 1979లో వెలుగులోకి వచ్చింది. విచిత్రమేమిటంటే, పదేళ్లపాటు శాస్త్రవేత్తలు దాన్నే దొంగ అనుకున్నారు. కణితులు పెరిగేది దానివల్లేనని నమ్మారు. నిజానికి వాళ్లు పరీక్షించింది చెడిపోయిన పీ53ని. ఆరోగ్యంగా ఉన్న పీ53 క్యాన్సర్‌ని ఆపుతుందని 1989లో తేలింది.

ఎండ వల్లో, పొగాకు వల్లో కణంలోని డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 వెంటనే మేల్కొంటుంది. కణం రెండుగా చీలిపోకుండా ఆపుతుంది. మరమ్మతుకు సమయం ఇస్తుంది. బాగుపడే అవకాశం లేదనుకుంటే ఆ కణం తనంతట తానే చచ్చిపోయేలా చేస్తుంది. ఒక్క కణం పోయినా ఒళ్లు నిలుస్తుంది! మనిషికి వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఈ పీ53 జన్యువే పాడై ఉంటుంది. మరి మిగతా సగంలో? కుక్క బాగానే ఉంటుంది. అలాంటి కొన్నిట్లో తంటా అంతా గొలుసుతోనే.

జంట చుక్కల్లో జన్యువు

ఈ గొలుసు కథ 1980ల్లో అమెరికాలో మొదలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డోనా జార్జ్ బృందం క్యాన్సర్ లక్షణాలొచ్చిన ఎలుక కణాలను పరిశీలిస్తోంది. వాటిలో మామూలు క్రోమోజోమ్‌లతోపాటు జంట చుక్కల్లాంటి చిన్న ముక్కలు కనిపించాయి. వాటిపైన ఉన్న జన్యువుకి 'మౌస్ డబుల్ మైన్యూట్-2' అని పేరొచ్చింది. క్లుప్తంగా ఎండీఎం2. ఇక్కడ మైన్యూట్ అంటే నిమిషం కాదు, అతి చిన్నదని అర్థం.

అది ఏం చేస్తుందో 1992లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ లెవిన్ బృందం చెప్పింది. ఎండీఎం2 ప్రొటీన్ వెళ్లి పీ53ని పట్టుకుని కదలకుండా చేస్తుందట. కట్టేయడమే కాదు, కణంలో పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రానికి దాన్ని అప్పగిస్తుందని తర్వాత తెలిసింది. ఇంకో తమాషా ఏమిటంటే, ఎండీఎం2 తయారీని పెంచేది పీ53నే. తన గొలుసు తానే చేసుకునే కుక్క అన్నమాట!

గొలుసే లేకపోతే...

మరి ఆ గొలుసు పూర్తిగా తీసేస్తే క్యాన్సర్ రాదు కదా? 1995లో అమెరికాలో రెండు బృందాలు ఎలుకల్లో ఎండీఎం2 జన్యువుని తొలగించి చూశాయి. పిల్లలు పుట్టనేలేదు. గర్భంలో సరిగా కుదురుకోకముందే పిండాలు చనిపోయాయి. ఎండీఎం2తోపాటు పీ53ని కూడా తీసేస్తే మాత్రం పిల్లలు చక్కగా పుట్టాయి. అంటే, అడ్డూఅదుపూ లేని కాపలాయే ఆ పిండాల ప్రాణం తీసింది. 2002లో మరో ప్రయోగం జరిగింది. పీ53 జోరు పెరిగిన ఎలుకలకు క్యాన్సర్లు తగ్గాయి. కానీ వాటికి ముందే ముసలితనం వచ్చేసింది. ఎముకలు పలచబడ్డాయి, నడుం వంగింది.

గొలుసు మరీ ఎక్కువైనా ముప్పే. ఒక కణంలో ఎండీఎం2 జన్యువుకి మామూలుగా రెండు ప్రతులుంటాయి. కొవ్వు కణాల్లో పుట్టే లైపోసార్కోమా అనే క్యాన్సర్‌లోని కొన్ని రకాల్లో అవి పదుల సంఖ్యకు చేరతాయి. పీ53 బతికే ఉన్నా లేవలేదు.

ఈ సంగతి ఆసుపత్రుల్లో బాగా అక్కరకొస్తోంది. చర్మం కింద మెత్తగా తగిలే కొవ్వు గడ్డలు చాలామందికి ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం హాని లేనివే. లోతుగా, పెద్దగా పెరిగిన గడ్డ విషయంలోనే అనుమానం. మైక్రోస్కోపులో రెండూ ఒకేలా కనిపించి తికమక పెడతాయి. అప్పుడు గడ్డ ముక్క తీసి ఎండీఎం2 ప్రతులు పెరిగాయేమో చూస్తారు. ఉత్త కొవ్వు గడ్డో, క్యాన్సరో తేల్చడానికి అది పెద్ద ఆధారం.

సడలించడమే కష్టం

2004లో రోష్ సంస్థ శాస్త్రవేత్తలు పీ53ని ఎండీఎం2 పట్టు నుంచి విడిపించే రసాయనాలను కనిపెట్టారు. తమ ప్రయోగశాల ఉన్న నట్లీ ఊరి పేరు మీద వాటిని 'నట్లిన్'లు అన్నారు. ఆ బాటలో చాలా మందులు రోగులపై ప్రయోగాల దాకా వెళ్లాయి. అక్కడే చిక్కొచ్చింది. మందు ఒక్క కణితిలోనే కాదు, ఒళ్లంతా గొలుసు వదులు చేస్తుంది. దాంతో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. లైపోసార్కోమాపై అలాంటి ఓ మందు 2023లో చివరి దశ పరీక్షలో ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదు.

అయినా శాస్త్రవేత్తలు వదల్లేదు. మందు రోజూ ఇవ్వకుండా మధ్యలో విరామం ఇచ్చి చూస్తున్నారు. ఇతర మందులతో కలిపీ ప్రయత్నిస్తున్నారు. గొలుసు తెంచితే ఏమవుతుందో ఎలుకలు ముందే చెప్పాయి. ఎంత వదలాలి, ఎంతసేపు వదలాలి... ఇప్పుడు తేలాల్సింది అదే.