రెక్టల్ క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు ఇమ్యూనోథెరపీ.. ఎవరికి మేలు?

మలంలో రక్తం పడితే చాలామంది మొలలే అనుకుని నెలల తరబడి ఊరుకుంటారు. కొందరిలో అది రెక్టల్ క్యాన్సర్ కావచ్చు. పెద్దపేగు చివరి భాగమే రెక్టమ్. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉంటే ఆపరేషన్‌లో దాన్నీ తీసేయాల్సి రావచ్చు. అప్పుడు జీవితాంతం పొట్టకు సంచి తప్పదు. అందుకే ఆపరేషన్‌కు ముందే గడ్డను కరిగించే చికిత్సలపై ఇంత ఆసక్తి.

ఇప్పుడు ఏం చేస్తున్నారు?

గడ్డ పేగు గోడ దాటినా, లింఫ్ గ్రంథులకు పాకినా సాధారణంగా ముందు రేడియేషన్ ఇస్తారు. వారానికి 5 రోజుల చొప్పున 5 నుంచి 6 వారాలు. దాంతోపాటు కేపెసిటబిన్ మాత్రలు. ఇదే కీమోరేడియేషన్. 5 రోజుల్లో ముగిసే షార్ట్ కోర్సు కూడా ఉంది.

ఇమ్యూనోథెరపీ కలిపితే?

క్యాన్సర్ కణాలు మన రోగనిరోధక కణాలకు బ్రేకులు వేస్తాయి. ఈ ఇంజెక్షన్లు ఆ బ్రేకులు తీసేస్తాయి. రేడియేషన్‌తో చనిపోయే కణాలు శత్రువు ఆనవాళ్లు పట్టిస్తాయని, రెండూ కలిస్తే దెబ్బ గట్టిగా పడుతుందని డాక్టర్ల ఆలోచన.

ఫలితాలు మాత్రం ఒకేలా లేవు. చైనాలో జరిగిన యూనియన్ ట్రయల్‌లో షార్ట్ కోర్సు రేడియేషన్ తర్వాత కీమోతో పాటు కామ్రెలిజుమాబ్ ఇచ్చారు. 39.8 శాతం మందిలో క్యాన్సర్ కణాలు మిగల్లేదు. మామూలు కీమోరేడియేషన్, కీమో తీసుకున్న వారిలో ఇది 15.3 శాతమే. అమెరికాలో పెంబ్రోలిజుమాబ్ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

తేల్చేది ఒక్క పరీక్ష

రెక్టల్ క్యాన్సర్ రోగుల్లో 100కు 5 నుంచి 10 మంది కణాల్లో డీఎన్‌ఏ తప్పులు సరిదిద్దే ఎంఎంఆర్ వ్యవస్థ దెబ్బతిని ఉంటుంది. వీరికి ఇమ్యూనోథెరపీ బాగా పనిచేస్తుంది. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ డాక్టర్లు ఇలాంటి 12 మందికి డోస్టార్లిమాబ్ ఒక్కటే ఇస్తే అందరిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. 2025లో 49 మంది ఫలితాలు వెల్లడించినప్పుడూ అదే మాట. వారికి రేడియేషన్, ఆపరేషన్ అవసరం పడలేదు. మిగతా ఎక్కువ మందికి కీమోరేడియేషన్, ఆపరేషన్‌లే ప్రధాన చికిత్స.

మేళ్లచెరువు నుంచి వెళ్లేవారు ఏం అడగాలి?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి. సూర్యాపేట జిల్లా చివరనున్న మేళ్లచెరువు నుంచి అక్కడికి రోజూ వెళ్లిరావడం కుదిరే పని కాదు. కాబట్టి చికిత్స మొదలుకాక ముందే ఇవి అడగండి.

- బయాప్సీ ముక్కపై ఎంఎంఆర్ పరీక్ష చేశారా?
- నాకు 5 రోజుల రేడియేషన్ సరిపోతుందా?
- ఇంజెక్షన్ ఆరోగ్యశ్రీలో వస్తుందా? ఈ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచారు. అయితే ఏ మందు వర్తిస్తుందో ముందే ఆరోగ్యమిత్రతో తేల్చుకోవాలి.

ఇమ్యూనోథెరపీతో థైరాయిడ్, ఊపిరితిత్తులు, పేగుల సమస్యలు రావచ్చు. ఎంఎంఆర్ రిపోర్టు చూడకుండా ఖరీదైన ఇంజెక్షన్ల కోసం పొలం తాకట్టు పెట్టొద్దు. వాటి కోసం ఎదురుచూస్తూ డాక్టర్ రాసిన రేడియేషన్‌నూ వాయిదా వేయొద్దు.