ఆయిలింజను గొట్టములందు కారుట – దాని నివారణము

ఏలూరునుండి దక్షిణముగా కొల్లేటివైపు పోవువారికి చెరువుగట్లమీద నడచు ఆయిలింజనుల చప్పుడు దూరమునుండియే వినబడును. తాడేపల్లిగూడెమునకు ఉత్తరమునగల మెట్టభూములందు విద్యుత్తు మోటార్లు వచ్చిన పిదప ఈ యంత్రముల వాడుక తగ్గినమాట నిజమే. అయినను కరెంటు పోయినపుడును, కాలువ చివరి చేలకు నీరు తోడవలసినపుడును, వానలకు మునిగిన వరినుండి నీటిని వెలుపలికి పంపవలసినపుడును పాత ఇంజనే మనకు దిక్కు.

రెండు పెద్ద చక్రములతో మెల్లగా తిరుగు లిస్టరు తరహా ఇంజను ఇంగ్లండునందలి డర్‌స్లీ పట్టణమున పుట్టినది. ఆ నమూనాను అనుసరించి మన దేశమున రాజకోటయందు పెక్కు ఇంజనులు తయారైనవి. తండ్రులనాటి యంత్రము కుమారుల కాలమునందును నడచుటకు దాని భాగముల గట్టిదనమే కారణము. కాని ఎంత గట్టి యంత్రమునకైనను చమురుగొట్టముల కీళ్లు బలహీనస్థానములు. వానిని గూర్చి రైతుసోదరులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

కొల్లేటి అభయారణ్యపు హద్దునకు వెలుపల ఒక చేపలచెరువుగట్టున మేము చూచిన సంగతి ఇది. చెరువునీటియందు ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గియుండును. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరచుచుండగా, కొత్తనీరు పెట్టవలసిన ఇంజను పది నిమిషములు నడచి ఆగిపోవుచుండెను. దాని పాత ట్యాంకు తుప్పుపట్టి పాడైనందున యజమాని డీసెలు డబ్బాను నేలమీద నుంచి, ఇంజనునకుగల ఫీడుపంపుచే పైకి లాగించుచుండెను. “పెద్ద పంపు పోయినదండీ, కొత్తది తేవలసినదే” అని పనివాడు చెప్పెను. సొసైటీలో అప్పు వ్రాయించి పంపు కొనుటకు యజమాని సిద్ధపడెను. ఎక్కడను ఒక్క చుక్కయైనను కారుట లేదు గనుక గొట్టమును ఎవరును అనుమానింపలేదు.

తుదకు చూడగా క్లిప్పు క్రింద రబ్బరుగొట్టము ఎండి, వెండ్రుకవలె సన్నగా పగిలియుండెను. పంపు లాగునపుడు ఆ పగులుగుండ చమురునకు బదులు గాలి లోనికి పోవుచుండెను. పగిలిన కొసను కోసివేసి, గొట్టమును మరల బిగించి, గాలి తీయగా ఇంజను నడచినది. ఆనాడు కొన్ని చేపలు చచ్చినవి గాని చెరువు దక్కినది, అప్పును తప్పినది.

దీనివలన మనము నేర్వవలసిన దేమన, కారుట రెండు విధములు. ట్యాంకు ఎత్తుననుండి చమురు తనంతట దిగు ఇంజనులలో చిల్లుపడిన చమురు వెలుపలికి వచ్చును. అది కంటికి కనబడును. పంపు లాగు ఇంజనులందును, ట్రాక్టర్లయందును, లాగువైపున చిల్లుపడిన గాలి లోనికి పోవును, అది కనబడదు. ఇంజను చక్కగా మొదలై, కొంతసేపు నడచి, తడబడి ఆగినచో పంపును నిందించుటకు ముందు గొట్టములను చూడవలెను. ఫిల్టరు మూసికొనిపోయినను ఇట్లే జరుగును గనుక దానినికూడ చూడుడు.

కనబడు కారుట చిన్నదని ఉపేక్షింపరాదు. ఒక రాత్రి దాని క్రింద గ్లాసు పెట్టి కొలిచిచూడుడు. గంటకు 20 మిల్లీలీటర్లు పడినచో దినమునకు 480 మిల్లీలీటర్లు, 30 దినములకు 14 లీటర్లకు పైగా నష్టము. కుళాయి కట్టనిచో ఇంజను ఆగియున్నను ఈ నష్టము ఆగదు. ఆ చమురు నీట పడినచో కలుగు చెరుపు వేరు. ఒక లీటరు చమురు మిల్లీమీటరులో వేయవవంతు మందమున పరచుకొన్నచో 1,000 చదరపు మీటర్లు, అనగా రమారమి 25 సెంట్ల నీటిని కప్పును. చేపకు డీసెలు వాసన పట్టినచో దానిని కొనువాడు లేడు. ఆటపాక గూడబాతులకును ఆ నీరు మంచిది కాదు.

కారుచోటు కనుగొను విధము: మొదట ఇంజనును ఆపి చల్లారనీయవలెను. గొట్టమును, కీళ్లను గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లవలెను. కుళాయి విప్పి కొంతసేపు వేచియున్నచో తడి మొదట ఎక్కడ పుట్టునో తెలియును. చమురు క్రిందికి జారును గనుక చుక్క పడుచోటు వేరు, చిల్లున్నచోటు వేరు. తడిసినవానిలో అన్నిటికంటె పైనున్నచోటే మూలము. లాగువైపు గొట్టమునకైన నట్లను, క్లిప్పులను ఒక్కొక్కటిగా పరీక్షించి, రబ్బరును వంచి పగుళ్లకై చూడవలెను.

ఇక మరమ్మతు. చాలమంది నట్టును ఇంకను బిగింతురు. అతిగా బిగించినచో మర చెడి, గొట్టపు నోరు నలిగి, చిన్న కారుట పెద్దదగును. ఒక పానాతో కీలును పట్టి, రెండవ పానాతో నట్టును త్రిప్పిన గొట్టము మెలిపడదు. రాగివాషరు వాడుకచే గట్టిపడును. దానిని ఎఱ్ఱగా కాల్చి నీట ముంచిన మరల మెత్తబడి చక్కగా కూర్చుండును. గీతలుపడిన దానిని పారవేయుడు. సైకిలుట్యూబు ముక్క చుట్టుట మనవారి అలవాటు. డీసెలునకు ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడును గనుక అది పని గడుపుటకే గాని మరమ్మతు కాదు. చమురునకై చేసిన నైట్రైలు రబ్బరుగొట్టమునే వేయవలెను. ట్యాంకు అతుకువద్ద కారుచుండినచో బట్టలసబ్బును గట్టిగా రుద్దిన ఇంటికి చేరువఱకు ఆగును. చమురు ట్యాంకును శుద్ధిచేయక వెల్డింగు చేయింపరాదు. లోని ఆవిరి పేలును.

మరమ్మతైన పిదప గాలి తీయవలెను. ఫిల్టరువద్దనున్న మరను, తరువాత పంపువద్ద మరను వదులుచేసి, బుడగలు లేని చమురు వచ్చువఱకు వదలి, బిగించవలెను. పాత ఇంజనును చేతితో త్రిప్పునపుడు నాజిలు కీచుమని పలికినచో చమురు చేరినదని గుర్తు.

ఒక హెచ్చరిక. పంపునుండి నాజిలునకు పోవు ఇనుపగొట్టమున ఒత్తిడి అత్యధికము. ఇంజను నడచునపుడు అచట చిల్లును చేతితో వెదకరాదు. కంటికి కనబడని ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోగలదు. గాయము సూదిపోటంతయే కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆ గొట్టమునకు అతుకు పనికిరాదు, కొత్తదే వేయవలెను.

పాత జీపులు, అంబాసిడరు కారులు గల సోదరులకు మరియొక మాట. పెట్రోలు కారుట డీసెలుకంటె ప్రమాదకరము. వేడి ఇంజనుపై పడిన నిప్పంటుకొనును. 2025వ సంవత్సరమునాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 వంతుల ఇథనాలు కలుపుట అమలులోనికి వచ్చినది. పూర్వకాలపు రబ్బరు దీనిని తట్టుకొనక త్వరగా పాడగును. పెట్రోలు వాసన వచ్చినపుడు బండి నాపి, గొట్టములన్నిటిని మార్పించుట క్షేమము.

చివరగా సంఘములకు మా మనవి. రాగివాషర్లు, రెండు మూడు కొలతల గొట్టము, క్లిప్పులు, ఫిల్టర్లు గల పెట్టె నొకదానిని సంఘ కార్యాలయమున నుంచినచో అర్ధరాత్రి అవసరమునకు సభ్యుడు పట్టణమునకు పరుగెత్తనక్కరలేదు. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది రైతును అప్పుల బాధనుండి తప్పించుటకే గదా. అప్పిచ్చుట యెట్టి సాయమో, అనవసరమైన అప్పును తప్పించుటయు అట్టి సాయమే. ప్రతి సభ్యుడును నెలకొకసారి తన ఇంజను గొట్టములను తుడిచి చూచుకొనునని ఆశించుచున్నాము.