ఎగువవారి ధర్మము

గోదావరి మండలములవారి మర్యాదకు పేరు గలదు. మాట చివర 'అండి' చేర్చుట యిచ్చటి బిడ్డలకు ఉగ్గుపాలతోనే అబ్బును. ఇంటికి వచ్చినవానికి మంచినీళ్ళీయక, 'భోజనము చేసి వెళ్ళుడు' అని యనక పంపుట యీ ప్రాంతమున లోపముగా నెంచబడును. ఇతర సీమలవారు మన 'ఆయ్, అండి'లను పరిహసించినను లోలోపల మెచ్చుకొనుచునే యుందురు. ఇట్టి దేశమున మర్యాదను గూర్చి వ్రాయుట కోనసీమలో కొబ్బరికాయలమ్ముట వంటిదని కొందఱు తలంపవచ్చును. కాని గడపలోపల ఇంత నిండుగా కనబడు మర్యాద, గడప దాటి వీధికిని, రేవునకును, బస్సు నిలుచు చోటునకును, కాలువగట్టునకును వచ్చుసరికి ఏమగుచున్నదో విచారించుట అవసరమని మాకు తోచుచున్నది.

మర్యాద రెండు తెఱగులు. ఎదుట నిలిచినవానియెడ, ఎఱిగినవానియెడ చూపునది యొకటి. ముఖమెఱుగని వానియెడ, అతడు చూడకున్నను చూపునది రెండవది. మొదటిదానికి బదులు దొరకును. నేడు మనమిచ్చిన కాఫీకి రేపు కాఫీ వచ్చును. మనమన్న 'అండి'కి వెంటనే 'అండి' వచ్చును. రెండవదానికి సాక్షి లేడు, మెచ్చువాడు లేడు, బదులు లేదు. పౌరమర్యాద యనగా ఈ రెండవదియే. మొదటిదానియందు మనవారు ఎవ్వరికిని తీసిపోరు. రెండవదానియందే కొఱత కనబడుచున్నది. వింత యేమనగా, డెల్టావాసులు దీనిని ఒకరివద్ద నేర్వ నక్కఱలేదు. వారి జీవనమే దానిపై నిలిచియున్నది.

1852లో ధవళేశ్వరమువద్ద కాటన్ దొర ఆనకట్ట పూర్తియైనది మొదలు, నేడు ఆ స్థానమున నిలిచియున్న బ్యారేజి కాలము వఱకును ఈ సీమకు అన్నము పెట్టుచున్నది కాలువ. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో కలిసి సుమారు పది లక్షల ఎకరములు దానిపై ఆధారపడియున్నవి. కాలువ ధర్మ మొక్కటియే: నీరు ఎగువనుండి దిగువకు పాఱును, దిగువనుండి ఎగువకు మొఱ మాత్రమే పోవును. సార్వాలో నది నిండుగా నుండును గనుక అంతగా చింత లేదు. దాళ్వాలో ప్రవాహము తగ్గి, వంతులవారీగా నీరిచ్చు దినములు వచ్చినప్పుడే ఎగువ రైతు స్వభావము బయటపడును. తన వంతు ముగియగానే తూము మూయువాడు కలడు; లష్కరు ఇంటికి పోయిన పిమ్మట అర్ధరాత్రమున దానిని మరల తెఱచువాడును కలడు. ఆ రాత్రి అతడు తీసికొనిన నీరు అతని చేనిలో రెండంగుళముల ఎక్కువ. శివారున, అతడెన్నడును చూడని యొక రైతు చేనిలో నెఱియలు. 1997 నాటి చట్టముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. అధికారులును, నియమములును గలవు. అయినను ప్రతి తూమువద్దను అర్ధరాత్రమున చట్టము కాపుండజాలదు. అచ్చట కాపుండవలసినది దిగువవానిని గూర్చిన తలంపు మాత్రమే.

నీటి పరిమాణమున కెట్లో నీటి శుభ్రతకును అట్లే. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు గ్రామముల మంచినీటి చెఱువులను నింపుకొని, మరల నీరు వదలు వఱకు దానినే త్రాగుట ఇచ్చటి పద్ధతి. పెండ్లి విస్తళ్ళను, కోడిమాంసపు దుకాణముల వ్యర్థములను, ప్లాస్టిక్ సంచులను ఎగువ ఊరి కాలువలో పడవేయువాడు వానిని దిగువ ఊరి బిందెలో పడవేయుచున్నాడు. చేపలచెఱువు మురుగును డ్రెయినులోనికి గాక పంటబోదెలోనికి త్రోయువాడును అట్టివాడే. రాజమహేంద్రవరము వంతెనమీదినుండి పూజచేసిన పువ్వులను ప్లాస్టిక్ సంచితోగూడ నదిలో విడుచు భక్తుడు, ఆ వంతెన బ్యారేజికి ఎగువన నున్నదనియు, ఆ నీరే కాలువలలో ప్రవేశించుననియు మఱచుచున్నాడు. పాఱునీరు మాలిన్యమును తీసికొనిపోవునన్నది నిజమే. ఎచ్చటికి తీసికొనిపోవుననునదే మనము వేసికొనని ప్రశ్న.

కాలువగట్టు దిగి రహదారిమీదికి వచ్చినను ఇదే కథ. కోతయంత్రములు వచ్చిన పిమ్మట ధాన్యము పచ్చిగానే చేతికి వచ్చుచున్నది. కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతమునకు మించరాదు. పూర్వపు కళ్ళములు చాలవఱకు చేపలచెఱువులలోను, ఇండ్లస్థలములలోను కలిసిపోయినవి. కావున రైతు రహదారిపై ధాన్య మాఱబోయుచున్నాడు. అతని యిక్కట్టు మే మెఱుగుదుము. అతనిని నిందించు పట్టణవాసి ఒక్క సాయంకాలము అతని ప్రక్కన నిలిచి మబ్బువంక చూచినచో మనస్సు మార్చుకొనును. అయినను పగటివేళ సగము దారి విడిచి ఆఱబోయుట వేఱు. ప్రొద్దుగుంకిన తరువాత రాశి చేసి, నల్లని బరకము కప్పి, చుట్టును బండఱాళ్ళు పేర్చి, గుఱుతైనను లేక విడిచిపోవుట వేఱు. చీకటిలో మోటారుసైకిలుపై వచ్చువాడు నల్లని దారిమీద నల్లని బరకమును చూడజాలడు. అతడు ఎవ్వరి కుమారుడో, ఎవ్వరి తండ్రియో ఱాయి పెట్టినవా డెఱుగడు. ధాన్యమును చీకటి పడకముందే దారినుండి తీయుట, అది సాధ్యము కానినాడు ఱాళ్ళకు మాఱుగా ఇసుకమూటలుంచి, దూరమునుండి కానవచ్చునట్లు తెల్లగుడ్డయైనను కట్టుట, ఇందులకు వ్యయ మెంత?

శబ్దమునకును ఎగువ దిగువలు గలవు. మైకు చేతనున్నవాడు ఎగువవాడు. చెవి మూసికొనజాలనివాడు దిగువవాడు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వఱకు బహిరంగ స్థలములలో ధ్వనివర్ధకములు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. నివాసప్రాంతములలో పగటికి 55, రాత్రికి 45 డెసిబెల్సు మితియని వానిలోనే కలదు. జాతరకును, పెండ్లికిని, ఎన్నికల సభకును, కార్తికమాసపు భజనకును మేము అడ్డు చెప్పము. అవి లేని ఊరు ఊరు గాదు. కాని ప్రక్కవీధిలో పరీక్షకు చదువుకొను బాలికయు, నిద్రపట్టక దొర్లుచున్న వృద్ధుడును మన యుత్సవమునకు చందా ఇచ్చిన యింటివారే. భగవంతునికి వినబడుటకు అంత పెద్ద పెట్టె లక్కఱలేదు.

ఇక బస్సు నిలుచు చోట మన విద్య లోకప్రసిద్ధము. బస్సు ఆగకముందే కిటికీలోనుండి తువ్వాలు విసరి చోటు పట్టుకొనుట; దిగువారిని దిగనీయక ఎక్కుట; బిడ్డనెత్తుకొన్న తల్లి ప్రక్కన నిలిచినంతనే నిద్రపట్టుట. తువ్వాలు వేసినవాని దృష్టిలో అది హక్కు. ముందుగా వచ్చి వరుసలో నిలిచినవాని దృష్టిలో అది అపహరణము. మన దేశమున వరుస యనునది బలహీనులకు మాత్రమే విధింపబడిన నియమమువలె నున్నది.

ఇవియెల్ల చిల్లరసంగతులు, ఇందులకై పత్రికలో చోటు వ్యర్థము చేయనేల యని అడుగువా రుందురు. వారికి మా యుత్తరము మన మండలచరిత్రలోనే గలదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో స్థాపించిన వివేకవర్ధని పెద్ద సంస్కరణములతోపాటు లంచము మొదలగు నిత్యదురాచారములనుగూడ విడువలేదు. వారి ప్రహసనములు ఇంటింటి దుర్గుణములను నవ్వులపాలు చేసినవి. పురజనులు కూడి మాటాడుకొనుటకు ఒక చోటు కావలెనని 1890లో రాజమహేంద్రవరమున పురమందిరము కట్టించినవారును ఆయనయే. గాంధీమహాత్ముడు తన యాత్మకథలో మూడవతరగతి రైలుప్రయాణపు బాధలను వర్ణించుచు, అందులకు అధికారుల అలక్ష్యమును మాత్రమేగాక, తోటివానిని తలపని ప్రయాణికుల అలవాట్లనుగూడ కారణముగా చూపెను. చదువుకొన్నవారు తామే ఆ పెట్టెలలో ప్రయాణము చేసి, ఆ యలవాట్లను దిద్దవలెనని చెప్పెను. స్వపరిపాలన కోరువారికి పెట్టెలో ఉమ్మివేయుటయు రాజకీయ విషయమే.

మఱియు చిల్లరసంగతులు ఎల్లప్పుడును చిల్లరగానే ముగియవు. 2015 జులై 14వ తేదీన, గోదావరి పుష్కరముల తొలి యుదయమున, రాజమహేంద్రవరపు పుష్కరఘట్టమున తొక్కిసలాట జరిగి 27 మంది మరణించిరి. విచారణకై జస్టిస్ సి.వై. సోమయాజులు గారి ఏకసభ్యసంఘ మేర్పడెను. మరణించినవారియందు దోష మారోపించుట మహాపాపము. అంతటి జనసమ్మర్దమును నడుపుటకు తగిన యేర్పాట్లు చేయుట పాలకుల విధి. ఆ బాధ్యతను జనులమీదికి త్రోయుటకు మే మంగీకరింపము. కాని ఒక్క సంగతి మాత్రము మనమందఱము గ్రహింపదగియున్నది. క్రిక్కిఱిసిన గుంపులో వెనుకనున్నవాడు తన యెదుటివాని వీపునే చూచును. ముందఱ పడిపోయినవానిని చూడడు. అతడు త్రోసిన చిన్న త్రోపు చేతినుండి చేతికి, వీపునుండి వీపునకు ప్రవహించి, ఎవ్వరును త్రోయనంత బలముతో ముందునకు చేరును. అచ్చటను వెనుకవాడు ఎగువ, ముందువాడు దిగువ. పుష్కరములు పండ్రెండు దినములు, స్నానఘట్టము లనేకములు, గోదావరి అంతటను గోదావరియే. ఒకే ఘట్టమునకు, ఒకే గడియకు అందఱును చేరవలెనని శాస్త్రము నిర్బంధింపదు.

ఇంత వ్రాసినంతమాత్రమున మనవారియందు పౌరమర్యాద బొత్తిగా లేదనుట మా యభిప్రాయము గాదు. ఉన్నదనుటకు మేము తువ్వాలు విసరిన బస్సునే సాక్షిగా పిలిచెదము. రద్దీలో వెనుక నిలిచినవాడు నోటు ముందుకు అందించును. అది పేరెఱుగని ఐదాఱు చేతులు దాటి కండక్టరును చేరును. టిక్కెట్టును, చిల్లరయు ఆ చేతులమీదుగానే తిరిగివచ్చును. ఒక్క రూపాయి తగ్గదు. కోటిపల్లి, నర్సాపురము వంటి రేవులలో పంటు దిగునప్పుడు ముసలమ్మ బుట్ట నందుకొను చేయి ఎవ్వరిదో ఎవ్వరు నడుగరు. వానకు దారిలో గుంత పడినచో, ఎవ్వరో ఒకరు ఆగి, చెట్టుకొమ్మ విఱిచి అందులో నాటి పోవుదురు. ఆ కొమ్మ నాటినవాని పేరు ఎవ్వరికిని తెలియదు. దానివలన బ్రతికినవానికి తాను బ్రతికినట్లే తెలియదు. పౌరమర్యాదకు ఇంతకంటె చక్కని నిదర్శనము మాకు కనబడుట లేదు.

ఈ గుణము మనకు క్రొత్తది గాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చిన బాటసారులకు వేళయనక, వంశమేదని యడుగక అన్నము పెట్టెను. ఆమె యిల్లు చుట్టములకు మాత్రమే తెఱచియుండినచో ఆమె ఒక మంచి గృహిణిగా మిగిలియుండును. ముఖమెఱుగనివానికి తెఱచినందుననే సీమయంతయు ఆమెను అన్నపూర్ణయనినది. అరుగు కట్టించినవారును, వేసవిలో చలివేంద్రము పెట్టినవారును ఆ త్రోవలోనివారే. అరుగులు పోయి ప్రహరీగోడలు వచ్చినవి. పోవలసినది అరుగే గాని దాని వెనుకనున్న బుద్ధి గాదు.

మా పాఠకులలో పలువురు భూమిగలవారు, వాహనముగలవారు, ఊరిలో మాట చెల్లువారు. ఏదో యొకచోట మీరు ఎగువవారే. తూము మీ చేలోనున్నది, మైకునకు చందా మీ చేతినుండి వెళ్ళుచున్నది, ధాన్యపురాశి మీది, బస్సులో చోటుగూడ ముందుగా మీకే దొరకును. దిగువవాడు అడిగిన పిమ్మట ఇచ్చుట న్యాయము. అడుగుటకు అతడు ఎదుటలేనప్పుడు ఇచ్చుట మర్యాద. తన వంతు తీఱగానే తూము మూయుమని పాలేరునకు చెప్పుట, పది గంటలకు పెట్టె కట్టివేయుమని ఉత్సవసంఘమునకు చెప్పుట, పెండ్లివిస్తళ్ళు కాలువలో వేయరాదని వంటవానితో ముందే మాటాడుకొనుట, వీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు, పెద్దమనిషి నోటిమాట చాలును.

2015 తరువాత పండ్రెండేండ్లకు, 2027లో, గోదావరికి మరల పుష్కరములు. దేశము నలుమూలలనుండి మన ముఖమెఱుగనివారు మన తీరమునకు వత్తురు. ఘట్టములు కట్టుట ప్రభుత్వము పని. ఘట్టముపై ఒక్క యడుగు వెనుకకు నిలిచి, ముందున్నవానిని మెట్టు ఎక్కి రానిచ్చుట మన పని. నీరు ఎగువనుండియే దిగువకు పాఱును. ఈ సీమలో మర్యాదయు అచ్చటనుండియే పాఱుటకు మొదలుపెట్టవలెను.