అమెరికా స్కూల్ నుంచి ‘కన్సెంట్ ఫామ్’ వచ్చిందా? సంతకం పెడితే ఏమవుతుందంటే..

అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులను కంగారు పెట్టే కాగితం ఒకటుంది. ‘మీ బాబుకు ఎవాల్యుయేషన్ చేయాలి, అనుమతి ఇవ్వండి’ అంటూ పబ్లిక్ స్కూల్ పంపే కన్సెంట్ ఫామ్. సంతకం పెడితే స్పెషల్ క్లాసులో వేసేస్తారేమో, రికార్డులో మచ్చ పడుతుందేమోనని కొందరు దాన్ని పక్కన పెట్టేస్తుంటారు.

నిజానికి ఆ సంతకం పరీక్షల వరకే. అక్కడి ‘ఐడియా’ చట్టం ప్రకారం ఎవాల్యుయేషన్‌కు ఒక అనుమతి, తర్వాత స్పెషల్ ఎడ్యుకేషన్ మొదలుపెట్టడానికి ఇంకో అనుమతి విడిగా తీసుకోవాలి. తొలి పరీక్షకు వద్దంటే స్కూల్ విచారణకు వెళ్లొచ్చు, వెళ్లకుండా వదిలేయనూ వచ్చు. స్పెషల్ ఎడ్యుకేషన్‌కే వద్దంటే మాత్రం స్కూల్ ఏమీ చేయలేదు. ఒకసారి ఒప్పుకున్నా, రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. వీసా ఏదైనా ఈ హక్కులు ఉంటాయి.

ఇక గడువు. సంతకం చేసిన ఫామ్ స్కూల్‌కు అందిన రోజు నుంచి 60 రోజుల్లో పరీక్షలు పూర్తి కావాలి. కొన్ని రాష్ట్రాలు సొంత గడువు పెట్టుకున్నాయి. టెక్సాస్‌లో అయితే మామూలుగా 45 స్కూల్ పనిదినాలు. అంటే ఫామ్ బ్యాగులో ఉన్నన్నాళ్లూ గడియారం కదలదు. అందుకే ఇచ్చిన తేదీ రాసుకోవడం, ఒక కాపీ ఉంచుకోవడం మంచిది.

మూడేళ్లకోసారైనా జరిగే రీ-ఎవాల్యుయేషన్‌లో కథ వేరు. స్కూల్ గట్టిగా ప్రయత్నించినా పేరెంట్స్ బదులివ్వకపోతే, అనుమతి లేకుండానే పరీక్ష చేసేయొచ్చు. ఇక్కడ మౌనం అంటే ‘వద్దు’ అని కాదు!

ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లల విషయంలో ఇంకో ముఖ్యమైన పాయింట్. ఇంగ్లిష్ సరిగా రాకపోవడమే అసలు కారణమైతే ఆ బిడ్డకు వైకల్యం ఉందని తేల్చకూడదు. వీలైనంత వరకు పిల్లల భాషలోనే పరీక్షించాలి. మీటింగ్‌కు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని కూడా అడగొచ్చు.

రిపోర్టు నచ్చకపోతే? బయటి నిపుణులతో మళ్లీ చేయించమని కోరవచ్చు. అప్పుడు ఆ ఖర్చు స్కూల్ పెట్టుకోవాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని విచారణలో నిరూపించుకోవాలి.

అసలు పరీక్షే వద్దనుకునే వాళ్లు ఒకటి గమనించాలి. రేపు ఆ పిల్లాడు క్లాసులో గొడవ చేసి సస్పెండ్ అయితే, వైకల్యం ఉన్న విద్యార్థులకు చట్టం ఇచ్చే రక్షణలు అతనికి వర్తించకపోవచ్చు.