వార్తల్లో పదం: మెటబాలిక్ అడాప్టేషన్

బరువు తగ్గాక శరీరం ఆ కొత్త బరువుకు అంచనా వేసే దానికన్నా తక్కువ శక్తినే ఖర్చు చేయడం. అమెరికా టీవీ పోటీ 'ది బిగ్గెస్ట్ లూజర్'లో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. చాలామంది మళ్లీ లావెక్కారు. విశ్రాంతిలో వారి శరీరాలు అంచనాకన్నా సగటున రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. ఆకలిని అదుపుచేసే లెప్టిన్ కూడా తక్కువగానే ఉంది. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు మానేసినవారిపై 2022లో వచ్చిన అధ్యయనంలోనూ బరువు తిరిగి పెరగడమే కనిపించింది: తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొచ్చింది.

అంటే బరువు తిరిగి రావడాన్ని కేవలం మనోబలం లోపంగా చూడకూడదు. రోజువారీ హెచ్చుతగ్గుల సంగతి వేరు: పెళ్లిభోజనం మర్నాడు తూకం మెషీన్ మీద కిలో ఎక్కువ కనిపిస్తే అది చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరే. భయపడి పస్తులుండకండి, వారం సగటు చూసుకోండి. బరువు గురించిన బెంగతో నిద్ర పట్టకపోతే డాక్టరుకు చెప్పండి.