అన్‌చార్టెడ్ (వీడియో గేమ్ శ్రేణి)

అన్‌చార్టెడ్ అనేది నిధుల అన్వేషణ ఇతివృత్తంగా గల ఒక వీడియో గేమ్ శ్రేణి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాంటా మోనికా నగరంలో ఉన్న నాటీ డాగ్ సంస్థ దీనిని రూపొందించినది. సోనీ సంస్థ తన ప్లేస్టేషన్ యంత్రాల కొరకు దీనిని ప్రచురించినది. మొదటి ఆట 2007లో వెలువడినది. 2017 చివరి నాటికి ఈ శ్రేణికి చెందిన ఆటలు ప్రపంచమంతటా 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనవి.

ఈ శ్రేణిలోని ప్రతి కథా చరిత్రలో నిజంగా ఉన్న ఒక వ్యక్తితోనో, సంఘటనతోనో, అనాదిగా వస్తున్న ఒక ఐతిహ్యంతోనో మొదలవుతుంది. చరిత్రకారులకు ఆధారాలు దొరకని చోటు నుండి కల్పన ఆరంభమవుతుంది. ఆటలో రెండూ ఒకే విధమైన నమ్మకంతో చూపబడతాయి గనుక, ఏది చరిత్ర, ఏది కల్పన అన్నది విద్యార్థులు విడదీసి తెలుసుకొనడం అవసరం.

పేరు, పుట్టుక

అన్‌చార్టెడ్ అనగా పటాలకెక్కనిది, ఎవరూ గుర్తించి గీయని ప్రదేశం అని అర్థం. నాటీ డాగ్ సంస్థను ఆండీ గావిన్, జేసన్ రూబిన్ అనే ఇద్దరు మిత్రులు 1984లో వేరొక పేరుతో స్థాపించారు. 1996లో వెలువడిన క్రాష్ బాండికూట్ ఈ సంస్థకు పేరు తెచ్చినది. 2001లో సోనీ దీనిని కొనుగోలు చేసినది. అంతవరకు బొమ్మల చిత్రాలను పోలిన ఆటలు చేసిన ఈ సంస్థ, ప్లేస్టేషన్ 3 యంత్రం కొరకు సహజమైన మనుషుల రూపాలతో సాహసకథ చెప్పాలని తలపెట్టినది. మొదటి మూడు ప్రధాన ఆటలకు కథా బాధ్యతను ఏమీ హెన్నిగ్ వహించింది. నాలుగవ ఆటకు నీల్ డ్రక్‌మన్, బ్రూస్ స్ట్రేలీ దర్శకులు. ఇండియానా జోన్స్ చలన చిత్రాలు, టిన్‌టిన్ బొమ్మల కథలు, ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళ చౌకబారు సాహస పత్రికలు ఈ శ్రేణికి ప్రేరణలు. 1996లో మొదలైన టూంబ్ రైడర్ ఇదే కోవకు చెందిన మరొక ప్రసిద్ధ శ్రేణి.

ఆట తీరు

ఆటగాడు కథానాయకుని వెనుక నుండి చూస్తూ అతనిని నడిపిస్తాడు. ఆటలో ముఖ్యంగా మూడు రకాల పనులుంటాయి. మొదటిది కొండలు, శిథిల భవనాలు ఎగబ్రాకడం. రెండవది గోడల చాటున దాగి శత్రువులతో పోరాడడం. మూడవది ప్రాచీన కట్టడాలలోని చిక్కుముడులను విప్పడం. చిక్కుముడులకు కావలసిన సూచనలు కథానాయకుని చేతి పుస్తకంలో బొమ్మల రూపంలో దొరుకుతాయి. నటీనటుల కదలికలను నమోదు చేసి, వాటిని బొమ్మలకు అమర్చే పద్ధతి వలన పాత్రల హావభావాలు సహజంగా కనిపిస్తాయి.

రెండవ ఆటలో టిబెట్ గ్రామంలో గాయపడి కోలుకుంటున్న కథానాయకుడు వీధులలో తిరిగే ఘట్టం ఒకటి ఉన్నది. అంతవరకు శత్రువును కొట్టడానికి వాడిన మీటను అక్కడ నొక్కితే అతడు గ్రామస్తులతో కరచాలనం చేస్తాడు. పోరాటం లేని ఈ కొద్ది నిమిషాలు చాలామంది ఆటగాళ్ళకు గుర్తుండిపోయినవి.

ప్రధాన పాత్రలు

నేథన్ డ్రేక్ ఈ శ్రేణికి కథానాయకుడు. ఇతనికి నోలన్ నార్త్ గొంతునిచ్చాడు. ఆంగ్ల నావికుడు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ తన పూర్వీకుడని నేథన్ చెప్పుకుంటాడు. అయితే చరిత్రలో ఫ్రాన్సిస్ డ్రేక్‌కు సంతానం లేదు. నేథన్ అసలు ఇంటిపేరు మోర్గాన్ అని నాలుగవ ఆటలో బయటపడుతుంది. విక్టర్ సలివాన్ అతనికి గురువు, తండ్రి వంటివాడు. ఎలీనా ఫిషర్ పాత్రికేయురాలు, తరువాత నేథన్ భార్య. క్లోయీ ఫ్రేజర్ భారతీయ తండ్రికి, ఆస్ట్రేలియా తల్లికి పుట్టిన నిధి అన్వేషకురాలు.

కథలు, వాటి వెనుకనున్న చరిత్ర

డ్రేక్స్ ఫార్చ్యూన్ (2007): పనామా తీరాన సముద్రం నుండి ఫ్రాన్సిస్ డ్రేక్ శవపేటికను వెలికి తీయడంతో కథ మొదలవుతుంది. అందులో శవం ఉండదు, ఒక దినచర్య పుస్తకం మాత్రం ఉంటుంది. దాని ఆధారంగా ఎల్ డొరాడో అనే బంగారు విగ్రహం కొరకు వెతుకులాట సాగుతుంది. చరిత్రకు వస్తే, ఫ్రాన్సిస్ డ్రేక్ 1577 నుండి 1580 వరకు భూమిని చుట్టి వచ్చాడు. 1596 జనవరిలో పనామాలోని పోర్టోబెలో సమీపంలో జిగట విరేచనాల వ్యాధితో ఓడలోనే మరణించాడు. అతని దేహాన్ని సీసపు పేటికలో ఉంచి సముద్రంలో విడిచారు. ఆ పేటిక దొరకలేదు. ఎల్ డొరాడో అనగా స్పానిష్ భాషలో బంగారు పూత పూసుకున్నవాడు. నేటి కొలంబియాలోని ముయిస్కా జాతి నాయకుడు ఒంటికి బంగారు రజను పూసుకొని గ్వాటవీటా సరస్సులో స్నానం చేసేవాడన్న వృత్తాంతం నుండి ఈ మాట పుట్టినది. మనిషిని గూర్చిన మాట క్రమంగా నగరాన్ని, రాజ్యాన్ని గూర్చిన కథగా పెరిగినది.

అమాంగ్ థీవ్స్ (2009): మార్కోపోలో తిరుగు ప్రయాణంలో పోయిన ఓడలు, శంభల నగరం, చింతామణి రత్నం ఈ కథకు ఆధారాలు. కథ ఇస్తాంబుల్, బోర్నియో, నేపాల్, టిబెట్ ప్రాంతాలలో నడుస్తుంది. మార్కోపోలో తన గ్రంథంలో, చైనా నుండి 14 ఓడలతో బయలుదేరామని, సుమారు 600 మంది ప్రయాణికులలో 18 మంది మాత్రమే మిగిలారని చెప్పాడు. మిగిలినవారు ఎలా మరణించారో చెప్పలేదు. ఆ మౌనమే ఆట కథకు దారి ఇచ్చినది. ఈ మార్కోపోలోయే ఆంధ్ర తీరంలోని మోటుపల్లిని ముత్‌ఫిలి అనే పేరుతో వర్ణించి, ఆ రాజ్యాన్ని పాలించిన రాణిని మెచ్చుకున్నాడు. ఆమె కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. పాములు నిండిన లోయలలో మాంసపు ముక్కలు విసరి, వాటిని ఎత్తుకొనిపోయిన గ్రద్దల ద్వారా వజ్రాలు సేకరిస్తారన్న విచిత్ర కథను కూడా అక్కడే చెప్పాడు.

శంభల బౌద్ధ కాలచక్ర తంత్రంలో చెప్పబడిన రాజ్యం. శంభల రాజు సుచంద్రుడు కోరగా బుద్ధుడు ధాన్యకటక స్తూపం వద్ద ఈ తంత్రాన్ని బోధించాడని బౌద్ధుల సంప్రదాయం. ధాన్యకటకమే నేటి అమరావతి ప్రాంతం. ఈ కారణంగానే 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర ఉత్సవం జరిపాడు. చింతామణి కోరిన కోర్కెలు తీర్చే రత్నమని మన పురాణాలలోను, బౌద్ధ గ్రంథాలలోను ఉన్నది. ఆటలో మాత్రం అది రత్నం కాదని, ఒక చెట్టు నుండి కారిన జిగురు అని తేలుతుంది.

డ్రేక్స్ డిసెప్షన్ (2011): అరేబియాలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో ఇసుకలో కూరుకుపోయిన ఇరం నగరం ఈ కథకు కేంద్రం. స్తంభాల నగరమైన ఇరం ప్రస్తావన ఖురాన్ 89వ అధ్యాయంలో ఉన్నది. 1990ల తొలినాళ్ళలో, అంతరిక్ష నౌక నుండి తీసిన చిత్రాల సహాయంతో ఒమన్ దేశంలోని షిస్ర్ వద్ద త్రవ్వకాలు జరిగి, ఒక పాత కోట శిథిలాలు బయటపడినవి. అదే ఆ నగరమని కొందరు ప్రకటించగా, పలువురు పండితులు అంగీకరించలేదు.

ఎ థీఫ్స్ ఎండ్ (2016): ఆంగ్ల సముద్రపు దొంగ హెన్రీ ఎవెరీ నిధి, దొంగల రాజ్యమైన లిబర్టాలియా ఈ కథకు వస్తువులు. ఈ నిధి భారతదేశానిది. 1695 సెప్టెంబరులో ఎవెరీ ముఠా ఔరంగజేబుకు చెందిన గంజ్-ఇ-సవాయి అనే ఓడపై దాడి చేసినది. ఆ ఓడ మక్కా యాత్రికులతో సూరత్‌కు తిరిగి వస్తున్నది. దోపిడి విలువ 3,25,000 పౌండ్లని ఈస్టిండియా కంపెనీ, 6,00,000 పౌండ్లని మొగలులు లెక్క కట్టారు. ఓడలోని యాత్రికులు చిత్రహింసలకు, స్త్రీలు అత్యాచారాలకు గురయ్యారు. ఆగ్రహించిన మొగలు అధికారులు సూరత్‌లోని కంపెనీ ఉద్యోగులను నిర్బంధించారు. ఎవెరీ 1696 తరువాత ఎవరికీ కనిపించలేదు. ఆటలో అతనికి తోడుగా లిబర్టాలియాను స్థాపించినట్లు చూపిన థామస్ ట్యూ, వాస్తవానికి 1695 నాటి ఆ దండయాత్రలోనే మరణించినట్లు చెబుతారు. లిబర్టాలియా 1728లో వెలువడిన ఒక ఆంగ్ల గ్రంథంలో తప్ప మరెక్కడా కనబడదు. అది కల్పితమని చరిత్రకారులు భావిస్తారు. ఆటలో ఈ దోపిడి ప్రధానంగా 40 కోట్ల డాలర్ల విలువ చేసే నిధిగా కనబడుతుంది. యాత్రికుల గతి వెనుకకు పోయినది.

ద లాస్ట్ లెగసీ (2017): ఇందులో నేథన్ ఉండడు. క్లోయీ ఫ్రేజర్, నదీన్ రాస్ అనే ఇద్దరు స్త్రీలు పడమటి కనుమలలో హొయసలుల కాలపు గణేశుని దంతం కొరకు వెతుకుతారు. క్లోయీ తండ్రి అదే దంతం కొరకు వెతుకుతూ మరణించిన వ్యక్తి. ఆటలో చూపిన అంతర్యుద్ధం, తిరుగుబాటు నాయకుడు అసవ్ కల్పితాలు. ఏకదంతుడైన వినాయకుని దంతం పరశురాముని గొడ్డలికి విరిగినదన్న పురాణ కథను ఆట వాడుకున్నది.

ఆటలో హళేబీడు, బేలూరు అడవిలో దాగిన మహా శిథిలాలుగా, కొండంత విగ్రహాలతో కనిపిస్తాయి. వాస్తవానికి ఈ రెండూ కర్ణాటకలోని హాసన్ జిల్లాలో రోడ్డు మార్గంలో సులభంగా చేరగల ఊళ్ళు. బేలూరు చెన్నకేశవాలయాన్ని విష్ణువర్ధనుడు 1117లో కట్టించాడు. అక్కడ నేటికీ పూజలు జరుగుతున్నవి. హొయసల ఆలయాల గొప్పదనం ఎత్తులో లేదు. నక్షత్రాకారపు పీఠాలు, మెత్తని బలపపు రాతిలో నగిషీ వలె చెక్కిన శిల్పాలు వాటి ప్రత్యేకత. 1310లో ఓరుగల్లును లొంగదీసిన మాలిక్ కాఫూర్, 1311లో హొయసల రాజధాని ద్వారసముద్రంపై దాడి చేశాడు. ఆ ద్వారసముద్రమే నేటి హళేబీడు. బేలూరు, హళేబీడు, సోమనాథపుర ఆలయాలకు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించినది.

నిధి ఎవరిది?

తొలి ఆటలలో ప్రధాన నిధి ఎవరికీ దక్కదు. బంగారు విగ్రహం సముద్రంలో మునుగుతుంది, శంభల కూలుతుంది, ఇరం ఇసుకలో కలుస్తుంది. దురాశకు ఫలితం నాశనమని కథ చెబుతుంది. కాని కథానాయకుడు అడుగుపెట్టిన ప్రతి పురాతన కట్టడమూ అతని రాకతోనే ధ్వంసమవుతుంది. పురావస్తు శాస్త్రం దృష్టిలో ఇది పెద్ద నష్టం. ఒక వస్తువు ఏ పొరలో, దేని ప్రక్కన దొరికినదో తెలిస్తేనే దాని కాలము, ప్రయోజనము తెలుస్తాయి. స్థలం చెదిరిన తరువాత మిగిలేది లోహపు విలువ మాత్రమే. ద లాస్ట్ లెగసీలో ఈ ధోరణి మారినది. చివరకు క్లోయీ గణేశుని దంతాన్ని అమ్మక, భారత ప్రభుత్వపు సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు అప్పగించాలని నిర్ణయిస్తుంది.

భారతదేశంలో దీనికి చట్టం కూడా ఉన్నది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువు దొరికినా, దొరికినవారు జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన శిల్పాలు, నాణేలు మొదలైన వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడాన్ని నిషేధించినది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో గుప్త నిధుల ఆశతో పాత ఆలయాల గర్భగుడులను, నంది విగ్రహాలను, ధ్వజస్తంభాల పునాదులను తవ్వి పాడుచేసిన ఉదంతాలు పలుమార్లు బయటపడినవి. ఇటువంటి తవ్వకాల వలన శాసనాలు, శిల్పాలు పగిలి, ఆ ఊరి చరిత్రకున్న ఒక్కగానొక్క ఆధారం కూడా పోయే ప్రమాదం ఉన్నది.

ఆదరణ, విమర్శ

అమాంగ్ థీవ్స్ 2010లో అమెరికాలోని ఇంటరాక్టివ్ కళల అకాడమీ నుండి ఆ ఏటి మేటి ఆట పురస్కారం పొందినది. ఎ థీఫ్స్ ఎండ్ విడుదలైన మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడై, 2017లో బ్రిటన్‌కు చెందిన బాఫ్టా ఉత్తమ ఆట పురస్కారం అందుకున్నది.

సరదాగా మాట్లాడే మంచివాడైన కథానాయకుడు, ఆట ముగిసేలోగా వందల మందిని చంపడం పొసగదని విమర్శకులు ఎత్తి చూపారు. నాలుగవ ఆటలో వేయిమంది శత్రువులను ఓడించినవారికి ఇచ్చే బహుమతికి, ఆటకూ కథకూ పొత్తు కుదరకపోవడం అన్న అర్థం గల పేరు పెట్టి, నిర్మాతలే ఆ విమర్శను పరిహాసంగా స్వీకరించారు. తెల్లవారు వచ్చి తూర్పు దేశాల రహస్యాలను కనుగొనే పాత సాహసకథల మూసను ఈ శ్రేణి అనుసరించినదన్నది మరొక విమర్శ. అమెరికాలో ఈ ఆటలకు 13 ఏళ్ళు, ఆపై వయసువారికి తగినవన్న గుర్తింపు ఉన్నది.

ఇతర రూపాలు

చేతిలో ఇమిడే ప్లేస్టేషన్ వీటా యంత్రం కొరకు బెండ్ స్టూడియో తయారుచేసిన గోల్డెన్ అబిస్ 2011 డిసెంబరులో జపాన్‌లోను, 2012లో ఇతర దేశాలలోను విడుదలైనది. మొదటి మూడు ఆటలను మెరుగుపరచి 2015లో ఒకే సంపుటంగా ప్లేస్టేషన్ 4 యంత్రానికి విడుదల చేశారు. ఎ థీఫ్స్ ఎండ్, ద లాస్ట్ లెగసీ కలిపిన సంపుటం 2022 జనవరిలో ప్లేస్టేషన్ 5 యంత్రానికి, అదే ఏడాది అక్టోబరులో విండోస్ కంప్యూటర్లకు వచ్చినది. దానితో ఈ ఆటలు ప్లేస్టేషన్ లేనివారికి కూడా అందినవి. 2022 ఫిబ్రవరిలో రూబెన్ ఫ్లైషర్ దర్శకత్వంలో, టామ్ హాలండ్, మార్క్ వాల్‌బర్గ్ నటించిన అన్‌చార్టెడ్ చలన చిత్రం విడుదలైనది. ఇందులో వెతికేది మాజెల్లాన్ యాత్రకు చెందిన బంగారం. 1519లో ఆ యాత్ర బయలుదేరడం, 1521లో ఫిలిప్పీన్స్‌లో మాజెల్లాన్ మరణించడం, 1522లో ఒక్క ఓడ మాత్రమే భూమిని చుట్టి స్పెయిన్ చేరడం చరిత్ర. ఆ దీవులలో దాచిన బంగారం కల్పన.